బోరులో నల్లరాయి, ఎర్రమట్టి, మళ్లా నల్లరాయి.. దీన్ని సిల్ అంటరా?

బోర్‌బండి_రాజురా

అందరికీ నమస్తే. మాది చంద్రపూర్ జిల్లా రాజురా తాలూకా, పడమటి దిక్కు. పోయిన వారం చేన్ల బోరేయించిన. పైన రేగడి పది పన్నెండు ఫీట్లు, దాని కింద మురుం, ఆడికెళ్లి నల్లరాయి తగిలింది, 80 ఫీట్ల దాక అదే నల్లపొడి. ఇగ ఒక్కసారే ఎర్రది రాబట్టె, ఇటుకలు దంచితే ఎట్లుంటదో గట్ల, ఐదారు ఫీట్లు ఉంటదేమో, మట్టి కూలి రాడ్లు ఇరుకుతయని బండోళ్లు లొల్లి పెట్టిండ్రు. దాని కింద మళ్లా నల్లరాయే, 170 దాక. ఆ కింద తెల్లగ సున్నం లెక్క కొంచెం, తర్వాత ఇసుకరాయి. నీళ్లు ఇంచున్నర పడ్డయ్, దేవుని దయ.

నేను అడిగేది నీళ్ల ముచ్చట కాదు. మా పోరడు తొమ్మిదో తరగతి, మరాఠీ మీడియం. ఊరి రాళ్ల మీద ప్రాజెక్టు రాసుకరమ్మన్నడట వాళ్ల భూగోళం సారు. వీడు బోరుపొడి సీసాలల్ల పోసి వరుసగ పెట్టుకొని "బాపూ, రెండో నల్లరాయి సిల్ అయితది, కరిగిన రాయి కిందికెళ్లి వచ్చి పొరల నడుమల దూరి గడ్డకట్టింది" అంటున్నడు. నాకు ఒక్కటే సమజ్ కాలే. మీద అంత బరువు కూసున్నంక నడుమల దూరనీకి జాగ ఏడిది? ముందే గుహ లెక్క ఏమన్న ఉండెనా?

కోల్‌బెల్ట్_కాకా

గుహ లేదు గిహ లేదు తమ్మీ. లారీ కింద పెట్టే జాకీ చూసినవ్ గద, గదే.

నేను బల్లార్షా దిక్కు బొగ్గు బాయిల 31 ఏండ్లు జేసి రిటైరయిన. నెత్తి మీద కప్పు బరువేందో మాకు ఎరుకే, కప్పుకు ఆనించే ప్రాపులు చిటచిటమంటుంటే పానం జల్లుమనేది. కిలోమీటరు లోతుల ఒక్క చదరపు మీటరు మీద కూసున్న రాయి 2,500 టన్నుల దగ్గర ఉంటది. గంత బరువును ఎవడు లేపుతడు అంటవ్, జాకీల నూనె లేపినట్టే లేపుతది. ఒత్తిడి గంతే ఉన్నా ఎంత పెద్ద జాగ మీద నూకితే అంత బలం. కరిగిన రాయి ముందుగాల ఎంట్రుక లెక్క సన్న పగుల్ల దూరుతది, అది పక్కలకు పాకుతది, పాకినకొద్దీ కప్పు కింద నూకే జాగ పెరుగుతది, పెరిగి పెరిగి పైనున్న బండంత మెల్లగ వంగి లేస్తది. జాగ దొరికి దూరుడు కాదు, దూరుకుంట జాగ జేసుకునుడు.

బోర్‌బండి_రాజురా

కాకా జాకీ మంచిగ చెప్పిండ్రు. కని జాకీకి పంపు కొట్టేటోడు ఉండాలె గద, కింద కొట్టేది ఎవరు?

టీచరమ్మ_కిన్వట్

పంపు కొట్టేది కూడా ఆ బరువే అండీ. పదుల కిలోమీటర్ల లోతులో కొంత రాయి కరుగుతుంది, కరిగింది చుట్టూ ఉన్న గట్టిరాయి కన్నా తేలిక, అందుకని చుట్టూ ఉన్నదే దాన్ని పైకి పిండుతుంది. అది నిలువు పగుళ్లలో ఎక్కుతుంది, గోడలాగా నిలబడి గడ్డకడితే డైక్ అంటారు. కింది దాకా కరిగిన రాయి ఒకటే స్తంభంలా నిలబడి ఉంటుంది కాబట్టి అది పైన ఎక్కడ ఆగితే అక్కడ దాని ఒత్తిడి, మీదున్న రాళ్ల బరువుకి దగ్గరగానే ఉంటుంది. దానికన్నా ఇంకొంచెం ఎక్కువైతే చాలు. కాకా చెప్పిన 2,500 టన్నులనీ కొత్తగా ఎత్తక్కర్లేదన్నమాట, తక్కెడలో రెండు పళ్లేలూ దాదాపు సమానమయ్యాక వేలు ఆనిస్తే వంగిపోతుంది కదా, అలా.

నాకు పిల్లలకి చెప్పడం కష్టమయ్యేది ఇంకోటుంది. పైకి ఎక్కుతున్నది పక్కకి ఎందుకు మళ్లుతుంది? నేను పుల్కా చూపిస్తాను. నిప్పు మీద వేసినప్పుడు లోపలి ఆవిరికి పై పొర చించుకుని పోవడం కన్నా పొరకీ పొరకీ మధ్య పాకడమే సులువు, అందుకే గుండ్రంగా పొంగుతుంది. రాళ్లలో కూడా మెత్తటి పొర మీద గట్టి పొర ఉంటే కింద నుంచి వచ్చిన పగులు ఆ గట్టిదాని దగ్గర ఆగిపోతుంది, రెండిటి మధ్య అతుకు బలహీనంగా ఉంటే దాని వెంట తెరుచుకుంటుంది. ల్యాబుల్లో జిలెటిన్ పొరలు పోసి, పైది గట్టిగా కిందది మెత్తగా పెట్టి, అడుగు నుంచి రంగునీళ్లు ఎక్కించి చూస్తే ఇదే కనబడింది. ఇంకో కారణం, ఆ నేలని పక్కల నుంచి ఏదో నొక్కుతూ ఉందనుకోండి, అప్పుడు పగులు నిలువుగా తెరుచుకోవాలంటే ఆ నొక్కుడికి ఎదురు నిలవాలి, పైకి తెరుచుకోవడమే తేలిక, అప్పుడు కూడా పడుకున్న పలకే వస్తుంది.

ఒక్కటి మాత్రం పిల్లలు గుర్తుపెట్టుకోవాలి, సిల్ పొరల వెంట పోతుంది, డైక్ పొరలని కోసుకుంటూ పోతుంది. పొరలు వాలుగా ఉంటే సిల్ కూడా వాలుగానే ఉంటుంది. పడుకుని ఉన్నదల్లా సిల్, నిలబడ్డదల్లా డైక్ అని రాస్తే మార్కులు పోతాయి.

సిరొంచ_పోరడు

అయితే ఇగ డౌట్ ఏముందన్నా, నీది సిల్లే. పైన పొర, నడుమల నల్లరాయి, కింద ఇసుకరాయి. పైనున్న ఎర్రమట్టి ఇటుక లెక్క ఉందంటివి, కింద కరిగిన రాయి వేడికి కాలినందుకే గదా గట్లయింది! పోరడు చెప్పింది కరెక్టే, నూటికి నూరు ఏసుకోమను. మా సిరొంచ దిక్కు నల్లరాయి లేదు గాని రాయయిన చెట్లున్నయ్, వడధం పార్కుకు తోలుకరా పోరన్ని.

రాళ్లపిచ్చి_వణి

సిరొంచ తమ్ముడూ ఆగరాదు. కాలినట్టుంది సరే, కాల్చింది కిందదా పైదా?

నేను వణి పక్క డ్రిల్లింగ్ కోర్లు, అంటే బోరుల తీసిన రాతి కడ్డీలు, చూసే పని చేస్త, జియాలజీ చదివిన, నాకు ఈ గొడవ రోజూ ఉంటది కాబట్టి కొంచెం లంబగ రాస్త, ఓపిక లేనోళ్లు కిందికి పోండ్రి. నల్లరాయి పలక పొరల నడుమ కనబడితే అది రెండు తీర్ల వచ్చి ఉండొచ్చు. ఒకటి, లావా నేల మీద పారి గడ్డకట్టింది, ఆ తర్వాత దాని మీద ఇంకోటి పేరుకుంది. రెండోది, కింది పొర మీది పొర రెండూ ముందే ఉన్నయి, ఇది తర్వాత వచ్చి నడుమ దూరింది, ఇదే సిల్. రెండూ నల్లగనే ఉంటయి, రెండిట్లోనూ ఖనిజాలు దాదాపు అవే, ఒక రాయిముక్క చేతిల పెట్టి చెప్పమంటే నేను కూడా తలగోక్కుంట. తేడా అంతా కప్పు దగ్గర దొరుకుతది.

లావాకు కప్పు లేదు, మీద ఆకాశమే. అడుగున ఉన్న నేలను కాలుస్తది గాని మీద కాల్చనీకి ఏమీ లేదు. దాంట్లున్న గాలి బుగ్గలు పైకి లేసి పైభాగంల ఆగుతయి, అందుకే పైన జల్లెడ లెక్క బొక్కలు, తర్వాత నీళ్లు దిగి ఆ బొక్కలల్ల జియోలైట్ అనే తెల్లటి ఖనిజం పేరుకుంటది. మళ్ల ఇంకో లావా వచ్చేదాక వేల ఏండ్లు ఎండకు వానకు పడి ఉంటే పైపొర కుళ్లి మట్టయితది. సిల్‌కు పైన కూడా రాయే ఉంది. మీదా కిందా రెండు దిక్కులా చల్లటి రాయి తగుల్తది కాబట్టి రెండు అంచులూ గబగబ గడ్డకట్టి గింజ కనబడనంత సన్నగుంటయి, నడుమ మెల్లగ చల్లారి గింజ పెద్దగయితది. మీది రాయీ కింది రాయీ రెండూ కాలుతయి. మీది రాయి ముక్కలు ఊడి దీంట్ల ఇరుక్కున్నా, ఇది సన్నపాయలుగ మీది పొరల దూరినా, ఒక పొర విడిచి మెట్టు ఎక్కినట్టు ఇంకో పొరలకు పోయినా, ఇగ సిల్ అని కళ్లు మూసుకొని రాసుకోవచ్చు.

ఇదే కొట్లాట 200 ఏండ్ల కింద ఎడిన్‌బరోల నడిచింది. జర్మనీల వెర్నర్ అనే ఆయన, ఆయన శిష్యులు, ఈ నల్లరాళ్లన్నీ సముద్రం అడుగున పేరుకున్నవే అనేటోళ్లు. ఎడిన్‌బరో ఆయన జేమ్స్ హటన్ కాదు పొమ్మన్నడు. ఆ ఊరి పక్కనే సాలిస్‌బరీ క్రాగ్స్ అనే రాతికట్ట ఉంది, దాని అడుగున నల్లరాయి కింది పొరను పెళ్లగించి పైకి లేపి విరగ్గొట్టినట్టు కనబడతది, మెత్తగ మీద పేరుకున్నది కింది రాయిని గట్ల పెకిలించలేదు గదా. ఆ జాగను ఇప్పటికీ హటన్ సెక్షన్ అనే పిలుస్తరు. ఇగ సిల్ అనే మాట పుస్తకాలోళ్లు పుట్టించింది కాదు, ఉత్తర ఇంగ్లండ్ గనుల్ల రాయి కొట్టేటోళ్ల మాట, పడుకున్న రాతిపొర అని. విన్ సిల్ అని ఆడ ఒకటుంది, సగటున 30 మీటర్ల మందం, 29 కోట్ల ఏండ్లు దాటింది, దాని గట్టు మీదికెళ్లే రోమన్లు హేడ్రియన్ గోడ కట్టుకున్నరు. కట్టనీకి జాగ మంచిగ చూసుకున్నరు కొడుకులు.

రాజురా అన్నా, పోరని సీసాలల్ల మూడు చూసి చెప్పు. ఎర్రమట్టి మొదటి సీసా, ఎర్రమట్టి ఆఖరి సీసా, రెండో నల్లరాయి మొదటి సీసా. భూతద్దం ఉంటే ఇంకా మంచిది.

నల్లరాయి_వేంపల్లె

మాది కడప జిల్లా వేంపల్లె, పదకొండేండ్ల నుంచి చంద్రపూర్‌లో ఉండాను. సిల్లు సిల్లు అని ఇంగ్లండు దాకా పోతాండారు, మా పులివెందుల పక్క చూస్తే సరిపోయేదే గదప్పా. మా కాడ అడుగున సున్నపురాయి, మెగ్నీషియం ఎక్కువుండే రకం, దాని మీద పలకరాళ్లు, ఆటి మధ్యలో డోలరైట్ అనే నల్లరాయి సిల్లులు దూరినాయి, 188 కోట్ల ఏండ్ల కిందటియి. ఆ వేడికి, దాంతో వచ్చిన నీళ్లకి, సున్నపురాయి అంచు మారిపోయి పచ్చటి సర్పెంటైన్ అయింది, అందులో దారాలు దారాలుగా రాతినార, అదే ఆస్బెస్టాస్, పుట్టింది. బ్రాహ్మణపల్లె గనులు అయ్యే. మా తాత ఆ నార తెచ్చి పొయ్యిలో పెట్టి చూపించేవోడు, కాలదు చూడబ్బీ అని. ఇప్పుడు ఆ దుమ్ము పీల్చితే ఊపిరితిత్తులు పోతాయని తెలిసింది గానీ అప్పుడు ఎవురికి తెలుసు.

నేను చెప్పొచ్చేదేందంటే ఆ నార నల్లరాయిలో ఉండదు, సున్నపురాయిలోనూ యాడపడితే ఆడ ఉండదు, రెండూ తగిలే అంచు వెంటనే ఉంటాది. గని పని చేసేవోళ్లు సిల్ అనే మాట ఎప్పుడూ వినకపోయినా ఆ అంచు పట్టుకునే పోయేవోళ్లు.

మహేంద్రగిరి_బాబు

మాది పర్లాకిమిడి బావూ, గజపతి జిల్లా. మా కొండల్లో కూడా తెల్లచార నల్లచార తెల్లచార అలా పొరలు పొరలుగా ఉంటాదండి రాయి, మొన్న రోడ్డు కోసం కొండ తవ్వినప్పుడు చూసినాను. మరి ఆ నల్లచారలు సిల్లులేనేటి?

రాళ్లపిచ్చి_వణి

మీది వేరే కథ బాబు గారు. మీ తూర్పు కనుమల్ల ఉన్నది ఖోండలైట్, చార్నకైట్ అనే రాళ్లు. ఆ పొరలు నీళ్లల్ల పేరుకున్న పొరలు కావు, చాలా లోతుల వేడికి ఒత్తిడికి రాయి మెత్తబడి సాగి చారలు దేరింది. దాంట్లున్న నల్లచార ఒకప్పుడు డైకో సిల్లో లావానో అయి ఉండొచ్చు, కని పిసికి పిసికి అన్నీ ఒకే దిక్కు పడుకున్నయి, అప్పుడు అడ్డంగ కోసుకపోయిందా పొర వెంట పోయిందా అన్నది ఇప్పుడు చూసి చెప్పలేం. చపాతీ పిండిల జీలకర్ర గింజ ఏ దిక్కు పడ్డదో కర్రతో ఒత్తినంక అడిగినట్టుంటది.

మహేంద్రగిరి_బాబు

హహ సరే అర్థమైపోనాది.

బోర్‌బండి_రాజురా

సీసాలు చూసినం. పోరడు స్కూలుకెళ్లి భూతద్దం పట్టుకొచ్చిండు. ఎర్రమట్టి మొదటి సీసాల గట్టి పెంకులున్నయ్, గోరుతో గీస్తే గీత పడ్తలేదు. ఆఖరి సీసా మాత్రం మెత్తగ, నీళ్లు పోస్తే బురదయితుంది, దాంట్ల కుళ్లిన నల్లముక్కలు కలిసున్నయ్. రెండో నల్లరాయి మొదటి సీసాల రాయి బొక్కలు బొక్కలు, బొక్కలల్ల తెల్లగ సూదుల లెక్క మెరుస్తున్నయ్, కొన్నిటికి ఆకుపచ్చ పూత. పోరడు వాటిని వజ్రాలనుకొని వాళ్లమ్మకు చూపిచ్చిండు.

రాళ్లపిచ్చి_వణి

వజ్రాలు కావని చెప్పు, వంటింట్ల పంచాయితీ అయితది. జియోలైట్ అది.

ఇగ చూడు సిరొంచ తమ్ముడూ. ఎర్రమట్టి కింది నల్లరాయి వేడికి కాలి ఉంటే అడుగు గట్టిగుండాలె. ఈడ ఉల్టా ఉంది, పైన గట్టిగ, అడుగున బురద. అంటే కాల్చింది మీది నల్లరాయి, అది లావాగ వచ్చి మట్టి మీద పారింది. అడుగు మట్టిల కుళ్లిన నల్లముక్కలు ఎందుకున్నయంటే ఆ మట్టి పుట్టిందే కింది నల్లరాయి కుళ్లి. ఎండ తగిలింది, వాన తగిలింది, బొక్కలు పైన ఆగినయి. కాబట్టి అన్న బోరుల ఉన్నది సిల్ కాదు, దక్కన్ లావా పొరలు రెండు, ఒకదాని మీద ఒకటి, సుమారు 6.6 కోట్ల ఏండ్ల కిందటివి. ఆ ఎర్రమట్టిని బోల్ అంటరు మా లెక్కల్ల. 5 లక్షల చదరపు కిలోమీటర్లకు మించి పరుచుకున్న లావా అది, దాని తూర్పు అంచు మన దగ్గర్నే ఆగుతది, అందుకే 170 ఫీట్లకే కింద ఇసుకరాయి తగిలింది.

నీళ్ల సంగతి అడగలేదు గాని చెప్త, ఆ బోల్ దగ్గర కేసింగ్ పైపు దింపకపోతే మట్టి కూలి బోరు పూడుతది, రేపే చేయించు.

సిరొంచ_పోరడు

ఒప్పుకుంటున్న. నూట్ల పది తీసేయ్ పోరనికి. కని అన్నా ఇంత లావా పైకి వచ్చిందంటే వచ్చే తొవ్వల కొంతన్న నడుమ దూరి ఆగకుండ ఉంటదా?

రాళ్లపిచ్చి_వణి

ఆగింది. అడగాల్సింది అడిగినవ్. ధూలె, నందుర్‌బార్ దిక్కు పోతే లావాను కోసుకుంట నిలబడ్డ డైకులు బారులు బారులుగ ఉంటయి, పొలాల నడుమ ప్రహరీ గోడలు లెక్క. ఇగ పడుకున్నవి చూడాలంటే మన నెత్తి మీదున్న ఛింద్వాడా పోవాలె, ఆడ సాత్పురాల గోండ్వానా అనే పాత ఇసుకరాతి పొరల నడుమ చఖ్లా దెలాఖరీ అని పెద్ద డోలరైట్ సిల్, దక్కన్ కాలం నాటిదే. ఆ ఇసుకరాళ్లు మెత్తగ పొరలు పొరలుగుంటయి, టీచరమ్మ చెప్పిన పుల్కా కథ ఆడ నడిచింది.

కోల్‌బెల్ట్_కాకా

బొగ్గుల దూరితే ఏమయితదో ఎవలు చెప్తలేరు. మా బావమరిది ఝరియాల పని జేసిండు, నేను చూడనీకి పోయిన. ఆడ బొగ్గు పొరల్ల గిట్లనే మైకా మెరిసే నల్లరాయి సిల్లులు దూరినయ్, వాటిని ఆనుకున్న బొగ్గంత కాలి కోక్ అయి ఉంటది, ఝామా అంటరు దాన్ని. సన్న సన్న స్తంభాల లెక్క నిలబడి ఉంటది, కొడితే గణగణమంటది, పొయ్యిల ఏస్తే మంచి బొగ్గు అంటుకున్నట్టు అంటుకోదు. లక్షల టన్నుల బొగ్గు గట్ల ఖరాబయింది. రాయి మందం రెండు ఫీట్లే ఉన్నా అటూఇటూ దానికి మించి బొగ్గు ఖతం.

టీచరమ్మ_కిన్వట్

కాకా చెప్పినదాన్ని దేశమంత పెద్దగా ఊహించుకోండి. సైబీరియాలో 25 కోట్ల ఏళ్ల కింద లావాతో పాటు బొగ్గు, ఉప్పు, సున్నపురాయి పొరల్లోకి లక్షల చదరపు కిలోమీటర్ల మేర సిల్లులు దూరాయి. అవి కాలి వచ్చిన వాయువులే గాలిని వేడెక్కించి అప్పటి ప్రాణికోటిలో ఎక్కువ భాగం చచ్చిపోవడానికి పెద్ద కారణమని చాలామంది శాస్త్రవేత్తలు అంటున్నారు. పైకి పారిన లావా కన్నా కింద దాక్కున్న పలకలే ఎక్కువ చెడు చేశాయన్నమాట. దక్షిణాఫ్రికాలో కారూ అనే ప్రాంతంలో కూడా 18.3 కోట్ల ఏళ్ల కింద ఇలాగే. అక్కడ ఇంకో విశేషం, చాలా సిల్లులు సాసర్ ఆకారంలో ఉంటాయి. కాకా జాకీ గుర్తుందా, పాకి పాకి వెడల్పు లోతుకి కొన్ని రెట్లయ్యాక కప్పు వంగి లేస్తుంది, అప్పుడు అంచుల దగ్గర కప్పు చిరిగి కరిగిన రాయి వాలుగా పైకి ఎక్కుతుంది, మధ్యలో చదును, చుట్టూ ఎత్తు. అక్కడి రైతులు బోరు వేయాలంటే ఈ డోలరైట్ అంచులే వెతుక్కుంటారు, దూరినప్పుడు పగిలిన రాతిలో నీళ్లుంటాయి కాబట్టి.

నల్లరాయి_వేంపల్లె

ఇది చల్లారేదానికి ఎన్నేండ్లు పడతాదో ఎవురన్నా చెప్పండప్పా, మా పిల్ల అడగతాంది.

రాళ్లపిచ్చి_వణి

లెక్క సులువే. రాయిల వేడి చాలా మెల్లగ నడుస్తది. మీటరు మందం పలక అయితే గట్టిపడనీకి కొన్ని రోజులు చాలు. మందం రెండింతలయితే టైము నాలుగింతలు, పదింతలయితే వంద ఇంతలు. గట్ల లెక్కేస్తే 30 మీటర్ల విన్ సిల్‌కు ఏండ్లు పట్టి ఉంటది, న్యూయార్క్ పక్కన హడ్సన్ నది ఒడ్డున పాలిసేడ్స్ అని 300 మీటర్ల సిల్ ఉంది, దానికి వందల ఏండ్లు. చల్లారుకుంట కుంచించుకపోయి ఆరు పలకల స్తంభాలుగ చీలుతది, చల్లటి అంచుకు అడ్డంగ నిలబడతయి స్తంభాలు. సిల్ల అయితే నిటారుగ, డైక్ల అయితే పడుకున్న కట్టెల మోపు లెక్క.

బోర్‌బండి_రాజురా

పోరడు రెండు దినాలు మొకం మాడ్చుకున్నడు సిల్ కాదన్నందుకు. ఇయ్యాల ప్రాజెక్టుల "మా బోరులో సిల్ ఎందుకు లేదు" అని హెడ్డింగ్ మార్చి మొత్తం మళ్ల రాస్తున్నడు మరాఠీల, సీసాలకు నంబర్లేసిండు. స్తంభాలు చూడాలంటుండు ఇప్పుడు. ఛింద్వాడా అయితే నాతోని కాదు, దగ్గర ఏమన్న ఉందా?

రాళ్లపిచ్చి_వణి

ఉంది. యవత్మాల్ జిల్లా షిబ్లా పార్డి, వణికెళ్లి పాంఢర్‌కవడా పోయే దిక్కు, 2021ల రోడ్డు పనిల బయటపడ్డయి నిటారు స్తంభాలు. అవి లావాలవి, సిల్వి కావు, పోరనికి ముందే చెప్పు, మళ్ల మొకం మాడ్తది.

సిరొంచ_పోరడు

ముందే చెప్పకన్నా, వాన్నే కప్పు ఎక్కడుందో ఎతుకుమను. నేను కూడ వస్త, ఆదివారం బండి మీద పొద్దున నాలుగింటికి ఎల్తే పదింటికల్లా వణిల ఉంట.

కోల్‌బెల్ట్_కాకా

బల్లార్షాల నన్ను ఎక్కించుకో పోరడా. భూతద్దం బళ్ళెదాయె, వాపసిచ్చిండో లేదో అడుగు, లేకుంటే నా దగ్గర చత్వారం అద్దాలున్నయి.